కాలు తీసినా లేవని పెడల్

నేను ఒక లారీ యాక్సిలరేటర్ పెడల్ని. నొక్కితే బండి ఉరుకుతుంది, వదిలితే నెమ్మదిస్తుంది. ఇంతకన్నా తేలికైన కొలువు ఇంకొకటి ఉండదని మీరనుకోవచ్చు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీ ముఖాన్ని ఒకసారి ఎవరి పాదం కిందైనా పెట్టి చూడండి, ఆ తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం. నాకిప్పుడు తీరికకేం కొదవలేదు. విశాఖపట్నంలో ఒక తుక్కు కొట్టు వెనకాల, పగిలిన గేరు పెట్టెకీ తలుపు లేని ఫ్రిజ్జుకీ మధ్య పడి ఉన్నాను. ఇక్కడ అందరూ మాజీ ఘనులే. ఎవరి గొప్ప వాళ్లు చెప్పుకుంటున్నారు గనక నాదీ చెప్పుకుంటాను.

నేను పుట్టింది ఉత్తరాదిలో ఎక్కడో ఒక కర్మాగారంలో. పోత పోసి, సాన పట్టి, మీద గళ్ల రబ్బరు తొడిగి, ఒక డీజిల్ లారీ నేలకి బిగించారు. పక్కింటివాళ్లు బ్రేకూ, క్లచ్చీ. ఆ ఇద్దరూ పైనుంచి వేలాడుతుంటారు. నేనొక్కదాన్నే నేల మీద కూర్చుంటాను. నా మడమ దగ్గర ఒక కీలు ఉంటుంది. నా వీపు నుంచి ఒక ఇనప కడ్డీ నేలలో కన్నం గుండా కిందికి దిగి, ఇంజను పక్కనున్న డీజిల్ పంపుని లాగుతుంది. పాదం తీయగానే నన్ను పైకి లేపడానికి ఒక స్ప్రింగు. నా శరీరశాస్త్రం ఇంతే. ఇంత చిన్న ఒంట్లో జబ్బెక్కడుందో తెలుసుకోలేక ఇంతమంది మనుషులు తలలు పట్టుకున్నారంటే వాళ్ల తలల గురించి మీరే ఆలోచించండి.

మొదటి యజమాని గోదావరి ఒడ్డున ఇసక కాంట్రాక్టరు. ఆయన డ్రైవరు, కాలు నొప్పెడితే నా మీద ఇటుక పెట్టి బీడీ ముట్టించుకునేవాడు. రెండో యజమాని హార్బరులో చేపల వ్యాపారి. ఐసు కరిగిన ఉప్పునీళ్లు కారి కారి నా కీలు తుప్పు పట్టింది ఆ కాలంలోనే. ఆ కంపు నాకు అలవాటైపోయే సమయానికి లారీని అనకాపల్లి బెల్లం వ్యాపారి విశ్వనాథం గారు కొన్నారు. మంచి మనిషే. ఒకటే లోపం, లారీ ఎక్కలేడు. ఘాటురోడ్డు మాట చెబితే చాలు ఆయనకి కడుపులో తిప్పుతుంది. తన లారీ కొండ ఎక్కడం ఆయన ఏనాడూ కళ్లారా చూడలేదు. కానీ ఎలా ఎక్కాలో రోజూ చెప్పేవాడు.

ఎక్కించేవాడు సన్యాసిరావు. అనకాపల్లి నుంచి చోడవరం మీదుగా పాడేరు ఘాటెక్కి, కొండ మీది సంతలకి బెల్లమూ పప్పూ ఉప్పూ చేరవేయడం ఆయన పని. జుట్టు నెరిసింది గాని చెయ్యి గట్టిది. సీట్లో కూర్చోగానే వంగి వేళ్లతో నన్ను ముట్టుకుని కళ్లకద్దుకునేవాడు. ఆ వెంటనే కాలేసి తొక్కేవాడు. ముందు దండం, తర్వాత తొక్కుడు. ఈ వరస మనుషులకి ఎవరు నేర్పారో తెలీదు గాని, నాకు మర్యాదగానే ఉండేది. ఇటుక పెట్టినవాడు ఏనాడూ దండం పెట్టలేదు కదా.

ఆయన భార్య వరహాలమ్మ నన్ను అక్కడితో వదల్లేదు. ఆమెకి ఘాటంటే భయం. అద్దం ముందు వరసగా కూర్చున్న దేవుళ్లకి పూలు పెట్టేది, స్టీరింగుకి పసుపు రాసేది. తర్వాత ఆమె ఆలోచించింది. ఆ దేవుళ్లు పెద్దవాళ్లు, వాళ్లకి వెయ్యి పనులుంటాయి. తన మొగుణ్ణి కొండ ఎక్కించి దించేది మాత్రం ఈ తొక్కుడు ముక్క. చల్లగా చూడమని అడగాల్సింది దీన్నే. అలా నిర్ణయించుకుని ప్రతి శుక్రవారం నాకు పసుపు, కుంకుమ, ఒక అరటిపండు ముక్క, గరిటెడు పానకం ఇవ్వడం మొదలుపెట్టింది. బెల్లం మిరియాలు కలిపిన చిక్కటి పానకం. చలవ చేస్తుందని. లారీ ఇంజను పక్కన కూర్చున్నదానికి చలవ అవసరమని ఆలోచించిన మొట్టమొదటి మనిషి ఆమే. బ్రేకుకీ క్లచ్చికీ కూడా పోసేది గాని, పైనుంచి వేలాడేవి గనక వాటి మీద చుక్క నిలిచేది కాదు. నేల మీద కూర్చున్న పాపానికి మొత్తం నా కీలులోకే దిగేది.

కొన్నాళ్లకి నా దగ్గరికి చీమలు బారులు కట్టాయి. సన్యాసిరావు కాలు విదిలించుకుని తొక్కేవాడు. చీమలకి అప్పటికే అంతా తెలుసు. వాటినెవరూ అడగలేదు.

మొదటిసారి చోడవరం బజారులో జరిగింది. సన్యాసిరావు కాలు తీశాడు, నేను లేవలేదు. క్షణం పాటు అలాగే ఉండి, బద్ధకంగా లేచాను. ఆ క్షణంలో లారీ ముందుకి పోయి ఒక అరటిపళ్ల బండిని తోసింది. పళ్లు రోడ్డు మీద దొర్లాయి, నలుగురు పోగయ్యారు. సన్యాసిరావు దిగి తానే పళ్లేరి ఇచ్చాడు.

లారీని గోపాలం మేస్త్రి షెడ్డుకి తీసుకెళ్లారు. మేస్త్రికి పొట్ట వచ్చాక లారీ కిందికి దూరడం మానేశాడు. దానికి బదులు డాక్టరులా నిలబడి ఇంజను చప్పుడు వింటాడు. విన్నాడు. తలూపాడు. నన్ను చేత్తో నొక్కాడు. అప్పటికి ఇంజను చల్లారిపోయింది గనక నా కీలులో ఏదో చిటుక్కుమంది, హాయిగా లేచాను. స్ప్రింగు అలిసిపోయిందన్నాడు. గట్టి స్ప్రింగు వేశాడు. పనిలో పనిగా నా కీలులో డీజిల్ పోశాడు, ఆ తర్వాత గ్రీజు కుక్కాడు. బెల్లం పాకం డీజిల్‌లో కరగదని వంటింట్లో ఎవరినడిగినా చెబుతారు, కానీ లారీ షెడ్డుకీ వంటింటికీ రాకపోకలు లేవు.

ఇంటికెళ్లి సన్యాసిరావు జరిగింది చెప్పాడు. వరహాలమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. లారీకి దిష్టి తగిలిందని తేల్చింది. శుక్రవారంతో పాటు మంగళవారం కూడా పెట్టింది. పానకంలో బెల్లం పెంచింది. మేస్త్రి గ్రీజు మీద ఆమె పానకం, ఆమె పానకం మీద మళ్లీ కుంకుమ. నా కీలులో జరుగుతున్న వంట నాకే కొత్తగా ఉండేది.

దాని గుట్టు చెబుతాను. చల్లగా ఉన్నప్పుడు ఆ పాకం గట్టిపడి పలుకులా ఉంటుంది. ఒక్క నొక్కు నొక్కితే విరిగిపోతుంది, నేను మామూలుగానే కదులుతాను. ఘాటెక్కేటప్పుడు సంగతి వేరు. కొండ పొడుగునా సన్యాసిరావు నన్ను నేలకి అదిమిపెట్టే ఉంచుతాడు. కింద ఇంజను భగభగలాడుతుంది. ఆ వేడికి పాకం మెత్తబడి, జిగటగా మారి, కడ్డీనీ కీలునీ పట్టుకుంటుంది. మేస్త్రి గారి గట్టి స్ప్రింగు లాగుతుంది, పాకం వదలదు. ఇద్దరి మధ్యా నేను.

అలాగే ఒక రోజు మధ్యాహ్నం ఘాటు పైమలుపు దగ్గర సన్యాసిరావు కాలు తీశాడు. నేను లేవలేదు. ఈసారి బొత్తిగా లేవలేదు. ఎక్కుడు అయిపోయి దిగుడు మొదలైంది, బరువు లారీ, ఇంజను ఉరుముతోంది. ఆయన క్లచ్చి తొక్కాడు, బ్రేకు తొక్కాడు, ఇంజను ఆపే పిడి లాగాడు, అయినా బరువుకి లారీ దొర్లుతూనే ఉంది. ఎడమ పక్క లోయ. కుడి పక్క కొండ. స్టీరింగుని కొండ వైపు తిప్పేశాడు. లారీ ముక్కు మట్టిలో దిగబడి ఆగింది. బెల్లం దిమ్మలు కొన్ని లోయలోకి దొర్లాయి, మనిషి దొర్లలేదు. చాలాసేపు స్టీరింగు మీద తల ఆన్చి కూర్చున్నాడు. ఆయన పాదం నా పక్కనే ఉంది, మళ్లీ నా మీదికి రాలేదు. భయమంటే ఏమిటో నాకు తెలిసింది అప్పుడే.

విశ్వనాథం గారు మొదట మనిషి క్షేమం అడిగాడు, తర్వాత బెల్లం క్షేమం. ఆ తర్వాత అసలు సంగతి ఎత్తాడు. టీ కొట్టు దగ్గర ఎప్పుడో మాటల సందర్భంలో సన్యాసిరావు తన కుడికాలు ఒక్కోసారి మొద్దుబారుతోందని అన్నాడట. టీ కొట్టులో అన్న మాట ఊళ్లో అన్నట్టే. కాలు తీశాననుకున్నాడు, నిజానికి తీసి ఉండడు, స్పర్శ లేని కాలికి తెలియదు కదా అని అందరూ ఒక మాట మీదికి వచ్చారు. మేస్త్రి కూడా అదే మాట పట్టుకున్నాడు. తన స్ప్రింగు కొత్తది గనక తప్పు కాలిదే అవ్వాలి. తుని నుంచి కొత్త డ్రైవర్ని మాట్లాడేశానని విశ్వనాథం గారు నేల చూపులు చూస్తూ చెప్పాడు.

సన్యాసిరావు ఒకటే మాట పట్టుకుని నిలబడ్డాడు.

“నాను కాలు తీసినాను బాబూ. పెడలే లెగనేదు.”

నాకు నోరుంటే సాక్ష్యం చెప్పేదాన్ని. ఆ కాలి బరువు నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? నిజంగానే తీశాడు. అయితే ఇంకో సంగతి కూడా నాకు తెలుసు. కొన్నాళ్లుగా ఆయన నా మీద కాలేసే ముందు ఓసారి కిందికి చూసుకుంటున్నాడు. ఆ సంగతి మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు, తనకి తాను కూడా చెప్పుకోలేదనుకుంటాను.

మంగళవారం పొద్దున్న మేస్త్రి షెడ్డులో పంచాయితీ పెట్టారు. సన్యాసిరావు తానే లారీ కిందికి దూరి నా కడ్డీని పంపు దగ్గర విప్పేశాడు. పంపు చేతిని లాగి వదిలితే టప్పున వెనక్కి పోయింది. పంపు నిర్దోషి. ఇక మిగిలింది నేను, లేదా ఆయన కాలు. మేస్త్రి నన్ను చేత్తో నొక్కాడు. చల్లటి ఇంజను. చిటుక్కుమని లేచాను. నిజం చెబుతున్నాను, అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు. కడ్డీ మళ్లీ బిగించి, సన్యాసిరావు మేస్త్రిని పక్కన కూర్చోబెట్టుకుని చోడవరం దాకా తోలాడు. చదును రోడ్డు మీద నేను కొంచెం బద్ధకించాను గాని పట్టేయలేదు. తిరిగొచ్చాక మేస్త్రి దిగి పెదవి విరిచాడు. విశ్వనాథం గారు చెయ్యి చాపాడు. సన్యాసిరావు తాళాలు ఇచ్చేసి షెడ్డు బయట బల్ల మీద కూర్చున్నాడు.

ఆ సమయానికి పళ్లెంతో వరహాలమ్మ వచ్చింది. మంగళవారం కదా. కాలి మీది నిందా, కొత్త డ్రైవరు మాటా ఆమె విన్నవే, తాళాలు చేతులు మారిన సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. క్యాబిన్‌లోకి ఎక్కి, దేవుళ్లకి పూలు మార్చి, నా ముందు వంగింది. కింద ఇంజను ఇంకా కాలిపోతోంది. పానకం లోపలికంటా పోయేలా నన్ను చేత్తో నొక్కి పట్టి, తర్వాత చెయ్యి తీసింది. నేను అలాగే పడుకుని ఉన్నాను. ఆమె మళ్లీ చూసింది. నేను నింపాదిగా, మూలుగుతూ లేవడం మొదలుపెట్టాను.

ఆమె కీలులో వేలు పెట్టింది. బొటనవేలితో కలిపి విడదీసింది. రెండు వేళ్ల మధ్య సన్నటి తీగ సాగింది.

అరిసెలు వండే మనిషి. ఆ తీగ ఏమిటో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎవరి బెల్లమో కూడా చెప్పక్కర్లేదు. పళ్లెం ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. క్యాబిన్‌లో ఆమె తప్ప ఎవరూ లేరు. చెంగుతో తుడిచేసి దిగిపోవచ్చు. లారీకి దగ్గరుండి పూజ చేసే ఇల్లాలని ఊళ్లో ఆమెకి పేరు. ఆ పూజే మొగుణ్ణి లోయ అంచుకి తోసిందని తెలిస్తే ఆ పేరు ఏమవుతుందో ఊహించుకోండి. మనుషుల్ని నేను చాలాకాలం కింది నుంచి చూశాను. తుడిచేస్తుందనే అనుకున్నాను.

తలుపు తెరిచి ఆమె మొగుణ్ణి పిలవలేదు, విశ్వనాథం గారినే పిలిచింది. ఆయన వచ్చి, లారీ మెట్టు మీద కాలు పెట్టడానికి జంకి, కిందే నిలబడ్డాడు. ఆమె రెండు వేళ్లూ చాపి చూపించింది.

“ఆయన కాలు కాదు బాబూ. ఇది నా పానకం. వారం వారం నానే పోసినాను. సల్లగా ఉంటాదని పోసినాను, పాకం పట్టేసింది. పాపం నాది, శిచ్చ ఆయనికేత్తన్నారు.”

బల్ల మీంచి సన్యాసిరావు లేచి నిలబడ్డాడు. ఆమె వైపు చూశాడు. ఆమె టీ కొట్టుకెళ్లి మరిగే నీళ్ల గిన్నె తెచ్చి మేస్త్రి చేతిలో పెట్టింది. మేస్త్రి పోశాడు. నా కీలులోంచి కుంకుమ రంగు పాకం, అరటిపండు పీచు, గ్రీజు ముద్దలు, చచ్చిన చీమలు, మిరియాల పలుకులు కారాయి. తుడిచి, ఆరబెట్టి, రెండు చుక్కల నూనె వేశారు. ఆ సాయంత్రమే మేస్త్రి టీ కొట్టులో కూర్చుని, జబ్బు తానెలా కనిపెట్టాడో వివరించడం మొదలుపెట్టాడు. ఆ కథలో వేడినీళ్లు కూడా ఆయన ఆలోచనే అయ్యాయి.

విశ్వనాథం గారు మెత్తబడ్డాడు గాని పూర్తిగా నమ్మలేదు. సరుకుతో ఒకసారి ఘాటెక్కి దిగి రమ్మన్నాడు, ఆ తర్వాత చూద్దామన్నాడు. ఎవరైనా పక్కన కూర్చుని చూడాలి. ఆయన చూడలేడు, కడుపు ఒప్పుకోదు. మేస్త్రికి హఠాత్తుగా చాలా పని గుర్తొచ్చింది. వరహాలమ్మ తానే వెళ్తానంది.

మర్నాడు బెల్లం దిమ్మలతో ఘాటెక్కాం. ఆమె ఏ దండా తేలేదు, ఏ పళ్లెమూ తేలేదు. ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎక్కుడు పొడుగునా సన్యాసిరావు నన్ను నేలకి అదిమే ఉంచాడు. కింద ఇంజను భగభగలాడింది. పైమలుపు వచ్చింది. కొండకి లారీ ముక్కు తగిలిన గుర్తు ఇంకా అలాగే ఉంది. ఆయన కాలు తీయలేదు. తీయడానికి భయపడుతున్నాడు. నేను లేవకపోతే ఇద్దరూ పోతారు. నేను లేవకపోతే ఆయన ఇన్నాళ్లూ చెప్పింది నిజమని భార్య కళ్లారా చూస్తుంది, కానీ చూసిన మనిషి మిగలదు.

“తియ్యి,” అంది వరహాలమ్మ.

తీశాడు. నేను లేచాను. నా జన్మలో అంత చురుగ్గా ఎప్పుడూ లేవలేదు. ఇంజను గొంతు తగ్గింది. లారీ పెద్దమనిషిలా దిగడం మొదలుపెట్టింది. సన్యాసిరావు నవ్వాడు. ఆమె నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. నాకూ సంతోషమేసింది, ఆ మాట దాచడం దేనికి.

కొండ మీద సరుకు దించేసి సాయంత్రంలోపే తిరిగి బయల్దేరాం. దిగుడులో రెండు మలుపులు బాగానే దాటాం. మూడో మలుపులో ఎదురుగా బస్సు వచ్చింది. బ్రేకు మీదికి రావాల్సిన పాదం సగం బ్రేకు మీద, సగం నా మీద పడింది. పడిందని ఆయనకి తెలియలేదు. ఇంజను ఒక్కసారి ఉరిమింది. ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పి కిందికి చూసుకున్నాడు. కాలెక్కడుందో వెతుక్కుని, సరిగ్గా పెట్టుకుని, లారీని ఆపాడు. బస్సు పక్కనుంచి జారిపోయింది. అంతా రెప్పపాటు. బస్సు డ్రైవరుకి ఏమీ తెలియలేదు. పక్కన కూర్చున్న వరహాలమ్మ మాత్రం ఆయన కిందికి చూడడం చూసింది.

ఘాటు కింద చదును రాగానే లారీ పక్కకి ఆపించింది. ఆయన కుడికాలు ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. ఆయన్ని ఎటో చూడమని చెప్పి, గోటితో బొటనవేలు గిల్లింది. తెలుస్తోందా అని అడిగింది. ఆయన తెలుస్తోందన్నాడు. అప్పటికి ఆమె గిల్లడం మానేసి చాలాసేపయింది. ఆమె ఆ కాలిని అలాగే ఒళ్లో ఉంచుకుని రుద్దుతూ కూర్చుంది.

అనకాపల్లి చేరేసరికి విశ్వనాథం గారు షెడ్డు ముందు ఎదురుచూస్తున్నాడు. పక్కనే సంచితో తుని డ్రైవరు. వరహాలమ్మ ముఖం చూసి, లారీ ముఖం చూసి, విశ్వనాథం గారు తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. తనకి అనుమానం ఎప్పుడూ లేదని, ఊళ్లోవాళ్ల మాట పట్టుకుని తొందరపడ్డానని, తుని ఆయన్ని పంపేస్తానని, లారీ ఇక సన్యాసిరావుదేనని గబగబా చెప్పుకుపోయాడు. సన్యాసిరావు దిగి తాళాలు ఆయన చేతిలో పెట్టాడు.

“ఈ బాబుకే ఇచ్చీండి. లారీకి ఏటీ నేదు. నా కాలికే ఉంది.”

విశ్వనాథం గారు నోరు తెరిచాడు. కాలికేం లేదనే కదా ఇన్నాళ్లూ ఊరందరితో పోట్లాడావని అడిగాడు.

“ఆ దినం నాను కాలు తీసినాను బాబూ. అది నిజం. ఈ దినం కాలెక్కడుందో ఎతుక్కున్నాను. ఇదీ నిజమే.”

తుని డ్రైవరు అక్కడే సంచి దించి, ఎవరి ముఖం చూడాలో తెలియక నా వైపు చూశాడు. వరహాలమ్మ క్యాబిన్‌లోకి వంగి, సీటు వెనకున్న మొగుడి చెప్పులు తీసి, ఆయన ముందు నేల మీద జతగా పెట్టింది. సన్యాసిరావు లారీ తలుపు పట్టుకుని నిలబడి, కిందికి చూసుకుంటూ, కుడికాలు చెప్పులో పెట్టుకున్నాడు. ఈసారి ఆ చూపుని ఎవరి దగ్గరా దాచుకోలేదు.